పెంతెకొస్తు పండుగ: యూదుల విశ్వాసంలో, క్రైస్తవ విశ్వాసంలో దాని అర్థం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టరు గడిచిన కొద్ది వారాలకే ఈ సందేహాలు మొదలవుతాయి. బైబిలు తరగతిలో ఒకరు, ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర మరొకరు, ఫోనులో ఇంకొకరు ఏటేటా అడిగేవి దాదాపు ఇవే. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

ముందుగా ఒక్క మాట. పెంతెకొస్తు కథను అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంతో, అంటే యెరూషలేములో యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన ఉదయంతో మొదలుపెట్టడం మనకు బాగా అలవాటైపోయింది. ఆ ఉదయానికి శతాబ్దాల ముందే ఈ పండుగ ఉంది. యూదుల ఇళ్లలో ఈనాటికీ సజీవంగా ఉంది. ఆ సంగతి తెలిసి చదివితేనే లూకా రాసినది నిండుగా అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

## పండుగ పుట్టుక

పెంతెకొస్తు క్రైస్తవుల పండుగే కదా, యూదులకు ఏమి సంబంధం?

మొదట అది యూదులదే. ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయులకు నియమించిన మూడు యాత్రా పండుగల్లో ఇది రెండోది. మొదటిది పస్కా, మూడోది పర్ణశాలల పండుగ. హీబ్రూలో దీని పేరు షావువోత్, అంటే వారాల పండుగ. గ్రీకు మాట్లాడే యూదులు దాన్ని 'యాభయ్యో రోజు' అనే అర్థంలో పెంతెకొస్తు అన్నారు. అంటే ఈ పేరు కూడా సంఘం పెట్టినది కాదు, యూదులు పెట్టుకున్నదే.

పాత నిబంధనలో ఈ పండుగ గురించి ఎక్కడ చదవాలి?

లేవీయకాండము 23:15–22తో మొదలుపెట్టండి, వివరం ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆ తర్వాత ద్వితీయోపదేశకాండము 16:9–12 చదవండి. నిర్గమకాండము 23:16, 34:22, సంఖ్యాకాండము 28:26 చిన్న ప్రస్తావనలు. నిర్గమకాండములో దీన్ని కోతపండుగ అని, సంఖ్యాకాండములో ప్రథమ ఫలాల దినం అని పిలవడం గమనించండి. పేర్లు మూడున్నా పండుగ ఒక్కటే.

అసలు అది దేని పండుగ? కోత పండుగా, ధర్మశాస్త్రం ఇచ్చిన పండుగా?

బైబిలు పాఠంలో అది కోత పండుగ. ఇశ్రాయేలు దేశంలో పస్కా నాటికి యవలు, ఏడు వారాల తర్వాత గోధుమలు కోతకు వస్తాయి. పస్కా సమయంలో యవల తొలి పనను యాజకుడు దేవుని ఎదుట అల్లాడించేవాడు. ఆ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, యాభయ్యో రోజున కొత్త గోధుమ పిండితో చేసిన రొట్టెలు అర్పించేవారు. సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండే ఇంట్లో పెరిగినవారికి ఆ సంతోషం వేరుగా చెప్పనక్కరలేదు.

సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం ఇచ్చిన రోజు ఇదేనని మోషే గ్రంథాల్లో ఎక్కడా సూటిగా లేదు. ఐగుప్తు నుంచి బయలుదేరిన మూడో నెలలో సీనాయి అరణ్యానికి చేరారని నిర్గమకాండము 19:1 చెబుతుంది. షావువోత్ వచ్చేదీ మూడో నెలలోనే. ఆ దగ్గరితనం నుంచి రెండూ కలిసిపోయాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు జూబిలీల గ్రంథం అప్పటికే ఈ పండుగను నోవహుతో, అబ్రాహాముతో దేవుడు చేసిన నిబంధనలకు ముడిపెట్టింది. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆలయాన్ని కూల్చాక అర్పణలు ఆగిపోయాయి. పొలం, బలిపీఠం లేని చోట పండుగకు ఆధారంగా నిలిచింది ధర్మశాస్త్రమే. 'మనకు తోరా (ధర్మశాస్త్రం) ఇచ్చిన కాలం' అని యూదులు ఈనాటికీ ఆ రోజు ప్రార్థనలో అంటారు.

ఆలయం ఉన్న రోజుల్లో సామాన్య రైతు ఏమి చేసేవాడు?

ఈ భాగం నాకు ఎంతో ఇష్టం. యూదు పెద్దల బోధల ప్రాచీన సంకలనమైన మిష్నాలో ప్రథమ ఫలాల గురించి ఒక ప్రకరణమే ఉంది. పొలానికి వెళ్లిన రైతుకు అంజూర చెట్టున తొలి పండు కనబడితే, వెంటనే దానికి తుంగపోచ కట్టి 'ఇది ప్రథమ ఫలం' అనేవాడు. ద్రాక్షగుత్తికీ, దానిమ్మకూ అంతే. షావువోత్ నుంచి వీటిని యెరూషలేముకు తీసుకువెళ్లే కాలం మొదలయ్యేది.

ఒక్కొక్కరే కాకుండా జట్టుగా బయలుదేరేవారు. ముందు ఒక ఎద్దు నడిచేది. దాని కొమ్ములకు బంగారు పూత, తలపై ఒలీవ కొమ్మల కిరీటం. పిల్లనగ్రోవి ఊదుతూ పట్టణం చేరితే, యెరూషలేములోని చేతిపనివాళ్లు లేచి నిలబడి, వాళ్ల ఊరి పేరు చెప్పి మరీ స్వాగతం పలికేవారు. ధనికుల బుట్టలకు వెండి బంగారాలు తొడిగి ఉండేవి. పేదలవి తొక్క తీసిన సన్నని కొమ్మలతో అల్లినవి. ఆలయపు కొండ చేరాక, అగ్రిప్ప రాజు అంతటివాడైనా బుట్టను తన భుజం మీదే మోయాలి.

అక్కడ ద్వితీయోపదేశకాండము 26లోని ఒప్పుకోలు పలకాలి. మొదట్లో చదువు వచ్చినవారు సొంతంగా పలికేవారు, రానివారికి ఒకరు అందించేవారు. దాంతో చదువు రానివారు సిగ్గుపడి అర్పణలు తేవడమే మానేశారు. అది చూసిన పెద్దలు, చదువు వచ్చినా రాకపోయినా అందరికీ మాటలు అందించాలని నియమం పెట్టారు. ఒక మనిషి నలుగురిలో చిన్నబోకూడదని ఆరాధన పద్ధతినే మార్చిన ఆ పెద్దలను తలచుకుంటే నా మనసు నిండుతుంది.

పస్కాకు పులియని రొట్టె కదా, ఈ పండుగకు పులిసిన రొట్టెలు ఎందుకు?

లేవీయకాండము 23:17 రెండు రొట్టెలను పులియబెట్టి కాల్చమంటుంది. మిష్నా ప్రకారం ఒక్కో రొట్టె ఏడు బెత్తెల పొడవు, నాలుగు బెత్తెల వెడల్పు. మూలలకు నాలుగు వేళ్లంత కొమ్ములు. రెండింటినీ విడివిడిగా పిసికి, విడివిడిగా కాల్చేవారు. బలిపీఠం మీద పులిసినది కాల్చకూడదు కాబట్టి వీటిని దేవుని ఎదుట అల్లాడించి, తర్వాత యాజకులు తినేవారు.

పులిపిండి పాపానికి గుర్తు, రెండు రొట్టెలు యూదులకూ అన్యజనులకూ గుర్తు అని మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. అది తర్వాతి కాలపు వ్యాఖ్యానం, లేవీయకాండములో ఆ మాట లేదు. కృతజ్ఞతార్పణలో కూడా పులిసిన రొట్టె ఉంది (లేవీయకాండము 7:13). యేసు పరలోకరాజ్యాన్నే పులిపిండితో పోల్చాడు (మత్తయి 13:33). నాకు తోచినంతవరకు అర్థం ఇంకా సూటిగా ఉంది: పస్కా రొట్టె తొందరగా బయలుదేరిన రాత్రిది, ఈ రొట్టె సొంత పొలం, సొంత పొయ్యి ఉన్న ఇంట్లో రోజూ తినేది. స్థిరపడిన జీవితాన్ని దేవుని ముందు పెట్టడమే ఇది.

పేదలకు ఈ పండుగలో చోటు ఉందా?

ఉంది, అది ఆజ్ఞలోనే ఉంది. పండుగ విధులు ముగిసిన వెంటనే లేవీయకాండము 23:22 పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, రాలిన వెన్నులు ఏరవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని చెబుతుంది. ద్వితీయోపదేశకాండములో పండుగ సంతోషానికి పిలవవలసినవారి పట్టికలో దాసదాసీలు, లేవీయులు, పరదేశులు, అనాథలు, విధవరాండ్రు ఉన్నారు. పండుగ చేసి పరిగె ఏరుకునేవాళ్లను మరచిపోతే ఆజ్ఞలో సగమే పాటించినట్టు.

## యెరూషలేములో ఆ ఉదయం

ఆ రోజు అంత జనం యెరూషలేములో ఎందుకు ఉన్నారు?

యాత్రా పండుగ కాబట్టి. పస్కా వచ్చేది సముద్రయానానికి ఇంకా అనుకూలం కాని రోజుల్లో. పెంతెకొస్తు నాటికి వాతావరణం కుదుటపడేది, దూరదేశాల యూదులకు ప్రయాణం సులువయ్యేది. పౌలు కూడా పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని తొందరపడ్డాడు (అపొస్తలుల కార్యములు 20:16).

అపొస్తలుల కార్యములు 2:9–11 జాబితాలోని దేశాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? భారతదేశం ఉందా?

పార్తీయులు, మాదీయులు, ఏలామీయుల ప్రాంతాలు ఎక్కువగా నేటి ఇరాన్. మెసొపొతమియ చాలావరకు ఇరాక్. కప్పదొకియ, పొంతు, ఆసియ, ఫ్రుగియ, పంఫులియ నేటి టర్కీ. ఇవి కాక ఐగుప్తు, కురేనే చుట్టూ ఉన్న లిబియ, రోమా, క్రేతు, అరేబియా, యూదయ. లూకా జాబితాలో భారతదేశం లేదు. బైబిలులో మన దేశం పేరు కనిపించేది ఎస్తేరు 1:1, 8:9లలో, అహష్వేరోషు రాజ్యపు సరిహద్దుగా.

ఆ రోజు రక్షణ పొందిన మూడు వేల మంది అన్ని జాతులవారా?

అన్ని దేశాలవారు, కానీ యూదులూ యూదమతంలో చేరినవారూ మాత్రమే (2:5, 2:10). ఇది చాలామంది దాటవేసే విషయం. సంఘం మొదటి రోజున పూర్తిగా యూదుల సంఘం. అన్యజనుల మీదికి ఆత్మ దిగిరావడం కొర్నేలి ఇంట్లో, పదో అధ్యాయంలో. అది చూసి పేతురుతో వచ్చిన యూదా విశ్వాసులే ఆశ్చర్యపోయారు.

గాలి, అగ్ని, భాషలు: ఈ గుర్తులకు మూలం ఎక్కడ ఉంది?

సీనాయిలో ఉంది. నిర్గమకాండము 19లో ఉరుములు, బూరధ్వని, అగ్ని, కంపించే కొండ. ఆ గ్రంథం వింటూ పెరిగిన యూదుడికి, ఇంటి నిండా హోరుగాలి శబ్దం, మనుషుల మీద అగ్నిజ్వాలలు అనగానే ఏ కొండ గుర్తుకొస్తుందో ఊహించండి. యేసు కాలంలో అలెగ్జాండ్రియాలో జీవించిన ఫిలో అనే యూదు తత్వవేత్త, సీనాయిలో ఆ జ్వాలే ప్రజలకు తెలిసిన భాషగా మారిందని రాశాడు. దేవుని నోట వెలువడిన ప్రతి మాటా డెబ్బై భాషలుగా విడిపోయిందని మిష్నాకు యూదు పండితుల వివరణ గ్రంథమైన తల్ముదు చెబుతుంది. డెబ్బై అంటే లోకంలోని జనాంగాలన్నీ అని లెక్క.

షావువోత్ మొదటి రోజున సమాజమందిరాల్లో ప్రవక్తల గ్రంథం నుంచి చదివేది యెహెజ్కేలు మొదటి అధ్యాయం. అది తుఫాను గాలితో, అగ్నితోనే మొదలవుతుంది. లూకా కాలానికే ఈ పఠనం ఉందని నేను అనను. రెండు సమాజాలూ ఒకే రోజున ఒకే రకం చిత్రాల దగ్గరికి చేరడం మాత్రం ఆలోచింపజేస్తుంది.

బాబెలు గోపురానికి ఇది విరుగుడు అంటారు, నిజమేనా?

ఆ పోలిక సంఘంలో పాతదే, బాగుంది కూడా. ఒక్కటే సవరణ. పెంతెకొస్తు రోజున భాషలన్నీ తిరిగి ఒకే భాష కాలేదు. పార్తీయుడు పార్తీయుడి భాషలో, అరబీయుడు అరబీయుడి భాషలో విన్నాడు. దేవుడు భాషలను చెరిపివేయలేదు, ప్రతిదాన్నీ తన మాటకు తగినదిగా ఎంచుకున్నాడు. 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయినప్పటి నుంచి మన ఇళ్లలో, పొలాల్లో మాట్లాడే భాషలో వాక్యం చదువుకోగలుగుతున్నాం. నా దృష్టిలో అది ఆ ఉదయానికి కొనసాగింపే.

మూడు వేల మందికి ఒకే రోజు బాప్తిస్మం ఎలా సాధ్యం? నీళ్లు ఎక్కడివి?

యెరూషలేము ఆలయ కొండ దక్షిణ మెట్ల దగ్గర తవ్వకాల్లో శుద్ధి స్నానాల తొట్లు చాలా బయటపడ్డాయి. రాతిలో తొలిచి, దిగడానికి మెట్లు చెక్కినవి. ఆలయంలోకి వెళ్లే యాత్రికులు వాటిలో మునిగి వెళ్లేవారు. బెతెస్ద, సిలోయము వంటి కోనేళ్లు కూడా పట్టణంలో ఉన్నాయి. నీటికి కొరత లేదు.

ఆ భాషలూ, ఇప్పుడు సంఘాల్లో మాట్లాడే అన్యభాషలూ ఒకటేనా?

అపొస్తలుల కార్యములు 2లో విన్నవారికి అర్థం చెప్పేవాడు అవసరం కాలేదు. ఎవరి భాషలో వారు విన్నారు. 1 కొరింథీయులకు 14లో పౌలు చెప్పే భాషలకు అర్థం చెప్పేవాడు కావాలి, లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమన్నాడు. ఈ రెండూ ఒకే వరమా కాదా అన్నదానిపై సంఘశాఖలు ఏకాభిప్రాయానికి రాలేదు. భాషలు మాట్లాడని విశ్వాసికి ఆత్మ లేదనడం మాత్రం 1 కొరింథీయులకు 12:30కి ఎదురు వెళ్లడమే అని నేను నమ్ముతాను. అక్కడ పౌలు 'అందరూ భాషలు మాట్లాడుతున్నారా?' అని అడిగేది కాదనే జవాబు ఆశించే.

## తేదీల లెక్క

యూదుల పండుగా, మన పెంతెకొస్తూ ఒకే రోజు ఎందుకు రావు?

రెండు పంచాంగాలు వేరు. యూదుల్లో దాదాపు అందరికీ అది ఎప్పుడూ సీవాను నెల 6. ఇశ్రాయేలు వెలుపల చాలామంది 7న కూడా ఆచరిస్తారు. క్రైస్తవులకు ఈస్టరును కలుపుకొని యాభయ్యో రోజు, అంటే ఎప్పుడూ ఆదివారమే. 2026లో షావువోత్ మే 22న, పెంతెకొస్తు మే 24న, అంటే రెండు రోజుల తేడా. 2024లో పెంతెకొస్తు మే 19న, షావువోత్ జూన్ 12న. ఆ ఏడాది యూదుల పంచాంగంలో అధికమాసం రావడంతో పస్కాయే ఈస్టరుకు మూడు వారాలకు పైగా వెనక్కి జరిగింది. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు ఈస్టరును పాత పద్ధతిలో లెక్కిస్తాయి కాబట్టి వారి పెంతెకొస్తు తరచుగా ఇంకో ఆదివారం వస్తుంది.

యేసు కాలంలోనే ఈ లెక్కపై తగాదా ఉండేదట?

ఉండేది. లేవీయకాండము 'విశ్రాంతిదినానికి మరునాడు' నుంచి లెక్కించమంది. ఏ విశ్రాంతిదినం? పండుగ మొదటి రోజే ఆ విశ్రాంతిదినం అన్నారు పరిసయ్యులు. వారి లెక్కలో పండుగ వారంలో ఏ రోజైనా రావచ్చు. మామూలు శనివారం అన్నారు సద్దూకయ్యుల పక్షంవారు. ఆ లెక్కలో ఎప్పుడూ ఆదివారమే. లిఖిత బైబిలునే ప్రమాణంగా తీసుకొనే కరాయిమ్ యూదులు, సమరయులు ఈనాటికీ ఆదివారమే ఆచరిస్తారు.

యోహాను సువార్త ప్రకారం చూస్తే ఆ ఏడాది పస్కా పండుగ దినం శనివారం పడింది. అప్పుడు రెండు లెక్కలూ కలిసిపోతాయి. తొలి పన అర్పించే రోజు, యేసు తిరిగి లేచిన రోజు ఒక్కటే ఆదివారం అవుతాయి. యాభయ్యోది మళ్లీ ఆదివారం. క్రీస్తును నిద్రించినవారిలో ప్రథమఫలం అని పౌలు ఎందుకన్నాడో (1 కొరింథీయులకు 15:20) ఆ పన ముందు నిలబడి చదివితే తెలుస్తుంది.

ఆరోహణం నలభయ్యో రోజు అయితే, మధ్య పది రోజులు ఏమి జరిగింది?

ఎదురుచూశారు, ప్రార్థించారు, యూదా స్థానంలో మత్తీయను చేర్చుకున్నారు. దాదాపు నూట ఇరవై మంది. స్త్రీలు, యేసు తల్లి మరియ కూడా ఉన్నారు. కథోలిక సంఘంలో పెంతెకొస్తుకు ముందు తొమ్మిది రోజులు చేసే నవదిన ప్రార్థనలకు మాదిరి ఈ ఎదురుచూపే.

## నేటి ఆచరణ

ఇప్పుడు యూదులు షావువోత్ ఎలా జరుపుకొంటారు?

పస్కా రెండో రాత్రి నుంచి 49 రాత్రులు దీవెన చెప్పి రోజులు లెక్కిస్తారు. దీన్ని ఓమెరు లెక్క అంటారు. పండుగ రాత్రి చాలామంది నిద్రపోకుండా తెల్లవారేదాకా తోరా చదువుతారు. ఈ జాగరణ 16వ శతాబ్దంలో గలిలయ ప్రాంతపు సఫేదు పట్టణంలో యోసేఫ్ కారో, షెలోమో అల్కబెత్స్ వంటి పండితుల కాలంలో స్థిరపడింది. ఉదయం సమాజమందిరంలో పది ఆజ్ఞలు చదివేటప్పుడు లేచి నిలబడతారు. మందిరాన్ని పచ్చని కొమ్మలతో, పూలతో అలంకరిస్తారు. పాలు, జున్నుతో చేసిన వంటకాలు తింటారు. కారణాలు రకరకాలుగా చెబుతారు.

రూతు గ్రంథం ఆ రోజే ఎందుకు చదువుతారు?

కథ జరిగేది యవల కోత మొదలు గోధుమ కోత ముగిసేదాకా, అంటే సరిగ్గా ఈ ఏడు వారాల్లో (రూతు 2:23). మోయాబు స్త్రీ రూతు పొలంలో పరిగె ఏరుకొని బతికింది, 'నీ దేవుడే నా దేవుడు' అని ఇశ్రాయేలులో చేరింది. సీనాయి దగ్గర ప్రజలందరూ చేసిన పనిని ఆమె ఒంటరిగా, వెంట ఎవరూ రమ్మనకపోయినా చేసింది. ఆమె మునిమనవడు దావీదు. షావువోత్ రోజునే దావీదు పుట్టాడని, చనిపోయాడని కూడా యూదుల సంప్రదాయం. మన పెంతెకొస్తు ఆరాధనల్లోనూ ఈ నాలుగు అధ్యాయాలు చదివితే ఎంత బాగుంటుందో.

మన తెలుగు నేలపై షావువోత్ ఆచరించే యూదులు ఉన్నారా?

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని చెప్పుకొంటూ, యూదమత పండుగలను పాటిస్తుంది. వారికి సొంత సమాజమందిరం కూడా ఉంది.

పెంతెకొస్తు రోజున ఎర్ర వస్త్రాలు ఎందుకు?

అగ్నిజ్వాలలకు గుర్తుగా. కథోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో ఆ రోజు ఎరుపు. ఆర్థడాక్సు సంఘాల్లో ఆకుపచ్చ, జీవమిచ్చే ఆత్మకు గుర్తుగా. వారు గుడిని కొమ్మలతో అలంకరిస్తారు. రోములోని పాంథియోన్ దేవాలయంలో ఆ రోజు ఆరాధన చివర పైకప్పు నడిమి గుండ్రని రంధ్రం నుంచి ఎర్ర గులాబీ రేకులు కురిపిస్తారు.

పెంతెకొస్తు సంఘాలు ఈ పండుగతోనే మొదలయ్యాయా?

పేరు ఈ పండుగదే. ఉద్యమం ఇరవయ్యో శతాబ్దానిది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, బానిసత్వం నుంచి విడుదలైన తల్లిదండ్రులకు పుట్టిన విలియం సేమూర్ నడిపిన కూటాల నుంచి అది లోకమంతా పాకింది. అంతకు ఏడాది ముందే, 1905లో పూణే దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో విధవలు, అనాథ బాలికల మధ్య గొప్ప ఉజ్జీవం వచ్చింది. 'మీ కుమారులును మీ కుమార్తెలును' అన్న యోవేలు ప్రవచనం గురించి ప్రసంగించేవారు అమెరికా దాకా వెళ్లే ముందు ఒకసారి కేడ్‌గావ్ వైపు చూడాలి.

## విశ్వాసానికి సంబంధించినవి

యూదులు పరిశుద్ధాత్మను నమ్ముతారా?

'పరిశుద్ధాత్మ' అన్న మాట హీబ్రూ బైబిలులోనే ఉంది (కీర్తన 51:11, యెషయా 63:10). యూదుల అవగాహనలో అది దేవుని సన్నిధి, ప్రవక్తలను పలికించే ప్రేరణ. త్రిత్వంలో ఒక వ్యక్తి అన్న బోధ క్రైస్తవులది. మాట ఒకటే కదా అని భావం కూడా ఒకటే అనుకోకూడదు.

ధర్మశాస్త్రం చంపింది, ఆత్మ బతికించింది అని చెప్పవచ్చా? అక్కడ మూడు వేలు చచ్చారు, ఇక్కడ మూడు వేలు రక్షణ పొందారు కదా?

బంగారు దూడ దగ్గర చనిపోయినవారు ఇంచుమించు మూడు వేలు (నిర్గమకాండము 32:28), పెంతెకొస్తు రోజున చేరినవారు ఇంచుమించు మూడు వేలు. ఆ పోలిక చూపవచ్చు. దాన్ని పట్టుకొని యూదుల పండుగ మరణానిది, మనది జీవానిది అంటే నేను ఒప్పుకోను. వాళ్లు చనిపోయింది విగ్రహారాధన వల్ల, ధర్మశాస్త్రం వచ్చినందువల్ల కాదు. 'అక్షరము చంపును' అని రాసిన పౌలే (2 కొరింథీయులకు 3:6) ధర్మశాస్త్రం పరిశుద్ధమైనది అని కూడా రాశాడు (రోమీయులకు 7:12). యిర్మీయా 31:33లో దేవుడు హృదయం మీద రాస్తానన్నది వేరే శాస్త్రాన్ని కాదు, తన ధర్మశాస్త్రాన్నే. యెహెజ్కేలు 36:27లో ఆత్మను ఇచ్చేది తన కట్టడలను అనుసరింపజేయడానికే. తెల్లవార్లూ మేలుకొని వాక్యం చదివి సంతోషించే మనుషుల పండుగను నీడ అని కొట్టివేయడం అన్యాయం.

క్రైస్తవులు షావువోత్ కూడా పాటించాలా?

అక్కరలేదు. అన్యజనుల విశ్వాసులపై ఆ భారం పెట్టకూడదని అపొస్తలుల కార్యములు 15లో పెద్దలు తీర్మానించారు. పొరుగున ఉన్న యూదు కుటుంబం పిలిస్తే (అమెరికాలో ఉన్న మనవాళ్లకు అలాంటి అవకాశం దొరుకుతుంది) తప్పకుండా వెళ్లండి. అతిథిగా వెళ్లి వినండి, వారి పండుగకు మన అర్థం చెప్పడానికి ఆ పూట వాడుకోకండి.

సండేస్కూలు పిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి?

అగ్నిజ్వాలల బొమ్మతో మొదలుపెట్టకండి. ఒక గుప్పెడు గోధుమలు, వీలైతే యవలు, ఒక పులిసిన రొట్టె బల్ల మీద పెట్టండి. యవల నుంచి గోధుమల దాకా ఏడు వారాలు పిల్లల చేతే గోడ పట్టీ మీద లెక్కపెట్టించండి. ఈస్టరు ఆదివారం నుంచి మొదలుపెడితే సరిపోతుంది. ఏడో వారానికి రూతు కథ, పెంతెకొస్తు ఆదివారం నాడు అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం. మీ తరగతిలో ఇంట్లో ఉర్దూ, తమిళం, ఒడియా, లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలు ఉంటే, 2:11లోని 'దేవుని గొప్పకార్యములు' అన్న మాటను ముందు వాళ్ల భాషల్లో చెప్పించి, ఆ తర్వాత తెలుగులో చదవండి.